నల్ల కోటు రంగు మారితే లోపం, నల్లని చేతి మీద వాత మాయమైతే?

కొంతకాలం కిందట ఒక నిజనిర్ధారణ బృందంతో కలిసి ఒక ఊరికి వెళ్లాను. దాడిలో దెబ్బలు తిన్న ఒక పెద్దమ్మ తన చేయి చాపి చూపించింది. మోచేతి కింద కర్ర వాత. కమిలి, కాస్త ఉబ్బి, అక్కడున్న అందరికీ కనిపిస్తోంది. మాలో ఒకరి దగ్గర అప్పుడే మార్కెట్‌లోకి వచ్చిన ఫోన్ ఉంటే దానితో నాలుగైదు ఫొటోలు తీశాం. రాత్రి నివేదిక రాయడానికి కూర్చుని చూస్తే ఫొటోలో చేయి ఉంది, గాజులు ఉన్నాయి, వెనక సున్నం గోడ తెల్లగా మెరుస్తోంది. వాత మాత్రం లేదు. చర్మం నున్నగా ఉంది.

మర్నాడు మళ్లీ వెళ్లాం. వెలుతురు వచ్చే కిటికీ పక్కన కూర్చోబెట్టి, పాత కెమెరాతో తీస్తే వాత కనిపించింది. "నిన్న తీసిన దాంట్ల రాలేదా బిడ్డా? మీ అందరికి కనవడ్డది గదా" అంది పెద్దమ్మ. ఆమె అడిగినదానికి జవాబు కెమెరా లోపల కొంత, కెమెరాల చరిత్రలో కొంత ఉంది.

లోపాన్ని వెంటనే ఒప్పుకున్న సందర్భాలు

కొత్తగా విడుదలైన కెమెరాలో లోపాలు బయటపడటం వింతేమీ కాదు. 2006 సెప్టెంబర్‌లో జర్మన్ కంపెనీ లైకా తన ఎం8 కెమెరాను ప్రకటించింది. అది ఆ కంపెనీ పేరు పొందిన ఎం శ్రేణిలో మొదటి డిజిటల్ కెమెరా. ధర దాదాపు 5,000 డాలర్లు. కొన్నవాళ్లు ఫొటోలు తీసి చూసుకుంటే నల్లటి సింథటిక్ బట్టలు ఊదా రంగులో వచ్చాయి. పెళ్లిలో తొడుక్కున్న నల్ల కోటు వంకాయ రంగుకు తిరిగింది.

కారణం ఇది. డిజిటల్ కెమెరాలో ఫిల్మ్ స్థానంలో ఉండే సెన్సర్‌కు మన కంటికి కనిపించని పరారుణ కాంతి కూడా కనిపిస్తుంది. మీ ఇంట్లోనే దీన్ని పరీక్షించవచ్చు. టీవీ రిమోట్ ముందువైపున్న చిన్న బల్బును ఫోన్ ముందు కెమెరాకు చూపిస్తూ బటన్ నొక్కండి. చాలా ఫోన్లలో ఊదా రంగు వెలుగు మినుకుమంటుంది. ఆ కాంతిని ఆపడానికే కెమెరాల్లో సెన్సర్ ముందు ఒక గాజు ఫిల్టర్ పెడతారు. ఎం8లో బొమ్మ అంచుల దాకా స్పష్టంగా రావాలని ఆ గాజును అర మిల్లీమీటరు మందానికే పరిమితం చేశారు. పలచటి గాజు పరారుణ కాంతిని పూర్తిగా ఆపలేకపోయింది. చాలా సింథటిక్ బట్టలు కంటికి నల్లగా కనిపించినా పరారుణ కాంతిని బాగా వెనక్కి పంపుతాయి. సెన్సర్ దాన్ని ఊదాగా నమోదు చేసింది.

కెమెరా అమ్మకానికి వచ్చిన కొన్ని వారాల్లోనే, అదే ఏడాది నవంబర్‌లో, లైకా లోపాన్ని ఒప్పుకుంది. కొన్నవాళ్లకు లెన్స్ ముందు బిగించుకునే ఫిల్టర్లు రెండేసి ఉచితంగా ఇచ్చింది. 2009లో వచ్చిన ఎం9లో గాజు మందం పెంచింది.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. 2008 చివర్లో వచ్చిన కెనాన్ 5డీ మార్క్ 2తో రాత్రిపూట తీసిన ఫొటోల్లో వీధి దీపాల పక్కన నల్ల చుక్కలు పడ్డాయి. 2009 జనవరికల్లా ఆ కంపెనీ ఫర్మ్‌వేర్ మార్చి సరిచేసింది. 2012లో వచ్చిన నికాన్ డీ600లో సెన్సర్ మీద మరకలు పడి, ఫొటోలో పైన ఎడమవైపు మచ్చలు కనిపించాయి. అక్కడ కంపెనీ వెంటనే దిగిరాలేదు. అమెరికాలో కోర్టు కేసులు పడ్డాయి. 2014 మార్చిలో చైనా ప్రభుత్వ టీవీ వినియోగదారుల దినాన ఈ కథను ప్రసారం చేసింది. వారంటీ తీరినవాళ్లకు కూడా ఉచితంగా బాగుచేసి ఇస్తామని కంపెనీ అదే ఏడాది ప్రకటించింది.

వీటన్నిటిలో ఒక సంగతి గమనించాలి. "మీ కోటుదే తప్పు, వేరే కోటు వేసుకోండి" అని లైకా ఎవరికీ చెప్పలేదు. కొన్నవాళ్లకు డబ్బుంది, మాట వినిపించే పత్రికలున్నాయి, కోర్టుకు వెళ్లే శక్తి ఉంది. అందుకే కోటు రంగు మారడాన్ని కెమెరా లోపంగానే లెక్కించారు.

ఒప్పుకోవడానికి దశాబ్దాలు పట్టిన లోపం

ఇప్పుడు ఇంకో లోపం చూద్దాం. ఫిల్మ్ రోజుల్లో అమెరికాలో కోడాక్ కంపెనీ ఫొటో ల్యాబులకు ఒక నమూనా కార్డు పంపేది. దాని మీద తెల్లజాతి యువతి బొమ్మ ఉండేది. దాన్ని షిర్లీ కార్డు అనేవారు. ఆమె చర్మం సరిగ్గా వచ్చేలా యంత్రాన్ని సర్దితే రంగులన్నీ సరిగ్గా ఉన్నట్టు లెక్క. తెల్లపిల్లలూ నల్లపిల్లలూ కలిసి కూర్చున్న తరగతి ఫొటోలో నల్లపిల్లల ముఖాల్లో కళ్లూ పళ్లూ తప్ప ఏమీ కనిపించేవి కావు. ఆ తల్లులు గమనించకపోలేదు. కానీ అది ఫిల్మ్ లోపంగా నమోదు కాలేదు. వెలుతురు చాలలేదన్నారు, ఫొటో తీసినవారికి పని రాదన్నారు.

కెనడా పరిశోధకురాలు లోర్నా రాత్ 2009లో ప్రచురించిన వ్యాసంలో ఈ చరిత్రను బయటికి తీశారు. గోధుమ ఛాయల్లో తేడాలు పట్టుకునేలా కోడాక్ తన ఫిల్మ్‌ను మెరుగుపరచడానికి మొదట కదిలించింది మనుషులు కారు. చెక్క రకాల మధ్య తేడా కనిపించడం లేదని ఫర్నిచర్ కంపెనీలూ, ముదురు చాక్లెట్‌కూ పాల చాక్లెట్‌కూ తేడా తెలియడం లేదని చాక్లెట్ కంపెనీలూ ఫిర్యాదు చేశాయి. మనుషుల ముఖాలకు దొరకని విచారణ చెక్కకూ చాక్లెట్‌కూ దొరికింది.

నల్లవారి ముఖాలు పాలకులకు అవసరమైన చోట మాత్రం కథ వేరు. దక్షిణాఫ్రికాలో జాతి వివక్ష ప్రభుత్వం నల్లవారు ఎటు కదిలినా చూపించాల్సిన పాసు పుస్తకాల కోసం పోలరాయిడ్ కెమెరాలను వాడింది. ఆ కంపెనీ ఐడీ-2 కెమెరాలో ఫ్లాష్ బలం పెంచే మీట ప్రత్యేకంగా ఉండేది. ఈ వ్యాపారాన్ని 1970లో బయటపెట్టింది ఆ కంపెనీలోనే పనిచేసే ఇద్దరు నల్లజాతి ఉద్యోగులు, కరోలిన్ హంటర్, కెన్ విలియమ్స్. బహిష్కరణ ఉద్యమం నడిపారు. ఉద్యోగాలు పోయాయి. చివరికి 1977లో పోలరాయిడ్ దక్షిణాఫ్రికా నుంచి తప్పుకుంది.

డిజిటల్ కెమెరాలో వాత ఎలా మాయమవుతుంది

డిజిటల్ వచ్చాక రసాయనాలు పోయాయి. అయినా సమస్య మూడు దారుల్లో మిగిలే ఉంది.

మొదటిది, కాంతి కొలత. కెమెరా తన ముందున్న దృశ్యం సగటున నడిమి బూడిద రంగులో ఉంటుందని అనుకుంటుంది. వెనక తెల్లటి గోడ ఉంటే వెలుగు ఎక్కువైందనుకుని తగ్గిస్తుంది. దానితో ముందున్న మనిషి ఇంకా నల్లబడతాడు.

రెండోది, అంకెల పంపకం. 12 బిట్ల సెన్సర్ వెలుగును 4,096 మెట్లుగా కొలుస్తుంది. వెలుగు సగానికి తగ్గినప్పుడల్లా మిగిలే మెట్లు కూడా సగమవుతాయి. అన్నిటికన్నా వెలుగున్న భాగానికి 2,048 మెట్లు దక్కితే, దాని తర్వాతి భాగానికి 1,024, ఆ తర్వాత 512, 256. ఐదో భాగానికి దక్కేది 128 మాత్రమే. ఎండ పడిన గోడ మొదటి భాగంలో ఉంటే, నీడలో ఉన్న నల్లని చేయి నాలుగో భాగంలోనో ఐదో భాగంలోనో ఉంటుంది. కమిలిన చోటుకూ మామూలు చర్మానికీ ఉన్న సన్నటి తేడా ఆ కొద్ది మెట్లలోనే ఇమడాలి.

మూడోది, ఫోన్ చేసే శుభ్రం. వెలుతురు తక్కువైతే బొమ్మలో ఇసుక చల్లినట్టు గరుకు వస్తుంది. ఫోన్ సాఫ్ట్‌వేర్ పక్క పక్క చుక్కలను సగటు చేసి దాన్ని నునుపు చేస్తుంది. దానితోపాటు సన్నటి తేడాలు కూడా చెరిగిపోతాయి. పైగా కొన్ని ఫోన్లలో మనం అడగకుండానే బ్యూటీ మోడ్ ఆన్‌లో ఉంటుంది. మచ్చలు తీసేయడమే దాని పని. మొటిమకూ కర్ర దెబ్బకూ దానికి తేడా తెలియదు.

ముఖాలను గుర్తించే సాఫ్ట్‌వేర్‌లోనూ ఇదే కనిపించింది. 2018లో జాయ్ బువొలమ్‌వీనీ, టిమ్నిట్ గెబ్రూ మూడు కంపెనీల సాఫ్ట్‌వేర్‌లను పరీక్షించారు. ముఖం చూసి ఆడో మగో చెప్పడంలో తెల్లని చర్మం ఉన్న మగవారి విషయంలో తప్పులు 0.8 శాతం దాటలేదు. నల్లని చర్మం ఉన్న ఆడవారి విషయంలో 34.7 శాతం దాకా వెళ్లాయి. ఇలాంటి విమర్శల తర్వాతే, 2021లో గూగుల్ తన పిక్సెల్ 6 ఫోన్‌లో అన్ని చర్మపు ఛాయలూ సరిగ్గా రావాలని చేసిన మార్పులను ముందుపెట్టి ప్రచారం చేసుకుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కులం చర్మపు రంగు కాదు. దళితులందరూ నల్లగా ఉండరు, నల్లగా ఉన్నవారందరూ దళితులు కారు. అమెరికా నల్లవారి అనుభవాన్ని తెచ్చి మన మీద అతికించలేం. కానీ ఎండలో పనిచేసే ఒళ్లు, వెలుతురు చాలని ఇల్లు, తక్కువ ధర ఫోన్, దాడి జరిగిందని ఫొటోతో నిరూపించుకోవాల్సిన గతి, ఈ నాలుగూ ఒకేచోట కలిసేది ఎక్కువగా మన వాడల్లోనే. ఫొటోలో గాయం లేకపోతే "దెబ్బలేవీ?" అని అడిగేవారు సిద్ధంగా ఉంటారు.

మనం చేయగలిగింది

కొత్త ఫోన్ కొన్నా, కెమెరా కొన్నా ఊరికి తీసుకెళ్లే ముందే పరీక్షించండి. తెల్ల కాగితాన్ని తీసి మచ్చలున్నాయేమో చూడండి. ఒకే చేతిని ఎండలో, నీడలో, బల్బు కింద తీసి పోల్చండి. బ్యూటీ మోడ్, ఫిల్టర్లు అన్నీ ఆపేయండి.

గాయాన్ని తీసేటప్పుడు ముందు ఆ మనిషి అనుమతి తీసుకోండి. నేరుగా పడే ఎండ వద్దు, కిటికీ పక్కన పగటి వెలుతురు మంచిది. తెల్ల గోడ ముందు కూర్చోబెట్టకండి, వెనక చాప లాంటిదేదైనా ఉంచండి. ఫ్లాష్ వేస్తే చర్మం మెరిసి గాయం కప్పబడిపోతుంది. వాపు కనిపించాలంటే వెలుతురు పక్కనుంచి పడాలి. స్క్రీన్ మీద గాయం ఉన్న చోట వేలితో తాకి, వెలుగు సర్దుకున్నాక తీయండి. మొదట ముఖంతో సహా మనిషి మొత్తం, తర్వాత చేయి, ఆ తర్వాత పక్కన స్కేలు పెట్టి దగ్గరగా గాయం. కమిలిన చోటు రోజురోజుకూ రంగు మారుతుంది, కాబట్టి తర్వాతి రోజుల్లోనూ తీయండి. ఫొటో వైద్య పరీక్షకు బదులు కాదు. ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించి, గాయాలన్నీ రికార్డులో రాశారో లేదో చూసుకోండి.

అసలు ఫైలును ముట్టుకోకండి. దిద్దాలనుకుంటే నకలు మీద దిద్దండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అది కుదించుకుపోతుంది, తేదీ, సమయం, కెమెరా వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు ధ్రువపత్రం ఇవ్వాలి. అందులో ఫైలు హాష్ విలువ కూడా నింపాలి. హాష్ అంటే ఫైలులో ఒక్క చుక్క మారినా మారిపోయే గుర్తు సంఖ్య. తీసిన రోజే దాన్ని లెక్కించి రాసిపెట్టుకుంటే తర్వాత ఫొటోను మార్చారన్న ఆరోపణకు జవాబు ఉంటుంది.

కెమెరా తప్పు చేస్తే ఆ సంగతి కూడా రాసిపెట్టండి. ఏ మోడల్, ఏ వెలుతురు, కంటికి ఏం కనిపించింది, ఫొటోలో ఏం వచ్చింది. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఎం8 కోటు లోపంగా లెక్కకు వచ్చింది కొన్నవాళ్లు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూపించినందుకే. మన వాడల నుంచి అలాంటి ఫిర్యాదులు కంపెనీలకు చేరాలి.

మా నివేదికలో పెద్దమ్మ ఫొటోలు రెండూ పెట్టాం, వాత రానిదీ వచ్చినదీ. మొదటిది దాచిపెడితే రేపు అవతలివాళ్లే దాన్ని బయటికి తీసి మమ్మల్ని నిలదీయవచ్చు. ఒక్కోదాని కింద ఏ పరికరం, ఏ గంట, ఏ వెలుతురు అని రాశాం. మొదటి ఫొటో కింద ఇంకో వాక్యం చేర్చాం: ఈ ఫొటో తీసే సమయానికి గాయం అక్కడున్న ఐదుగురికీ కంటికి కనిపించింది.