ఇంటి బడిలో లాటిన్: ఏ వాచకం, ఎవరి కోసం?

వాచకాన్ని మనం సాహిత్య విమర్శకు వస్తువుగా తీసుకోవడం తక్కువ. నవలనీ కథనీ కవితనీ సామాజిక దృష్టితో తూచే మనమే, పన్నెండేళ్ల పిల్ల చేతిలో పెట్టే మొదటి భాషా పుస్తకాన్ని ‘పాఠాల పుస్తకమే కదా’ అని వదిలేస్తాం. కాని మూడు ప్రశ్నలకు జవాబు చెప్పకుండా ఎవరూ వాచకం రాయలేరు. ఈ భాష ఎవరిది? ఎవరికి నేర్పాలి? దేనికోసం నేర్పాలి? రచయిత నోరు విప్పి చెప్పకపోయినా, మొదటి పాఠంలో ఏ మాటలు ఎంచుకున్నాడన్న దాన్ని బట్టి ఆ జవాబులు బయటపడతాయి. ఈ సంగతి బాగా తేటపడే ఉదాహరణ ఒకటుంది. అది అమెరికాలో ఇంట్లోనే చదువుకునే పిల్లలకు లాటిన్ వాచకం ఎంచుకోవడం.

పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించడం అమెరికాలో 1993 నాటికి యాభై రాష్ట్రాల్లోనూ చట్టబద్ధమైంది. 2020లో కోవిడ్ వచ్చాక ఆ కుటుంబాల సంఖ్య ఇంకా పెరిగింది. ఈ ఉద్యమానికి రెండు వేర్లున్నాయి. ఒకటి జాన్ హోల్ట్ లాంటి ఉపాధ్యాయులది. బడి పిల్లవాడిలోని కుతూహలాన్ని చంపుతోందని ఆయన 1964లోనే పుస్తకం రాశాడు. రెండోది 1980లలో బలపడిన మతవాద క్రైస్తవ కుటుంబాలది. ఇంటింటా లాటిన్‌పై మోజు ఎక్కువగా ఈ రెండో వైపు నుంచే వచ్చింది. ఇంగ్లీషు రచయిత్రి డొరొతీ సేయర్స్ 1947లో ఆక్స్‌ఫర్డ్‌లో ఒక ఉపన్యాసమిచ్చింది. మధ్యయుగాల విద్యాక్రమాన్ని తిరిగి తేవాలనీ, చదువుకు పునాదిగా లాటిన్ వ్యాకరణం ఉండాలనీ ఆమె వాదం. దశాబ్దాల తర్వాత ఆ ఉపన్యాసమే ‘క్లాసికల్’ చదువు పేరిట సాగే ఉద్యమానికి మూలపాఠమైంది.

అందువల్ల ఈనాడు అక్కడ ఒక విచిత్రమైన దృశ్యం కనబడుతుంది. నేర్చుకునే పిల్లకు పదకొండు పన్నెండేళ్లు. నేర్పాల్సిన తల్లికి లాటిన్ అక్షరం ముక్క రాదు. మధ్యలో ఉన్నది పుస్తకం ఒక్కటే. పండితుడు ఎదురుగా ఉంటే చెడ్డ పుస్తకంతోనైనా నెట్టుకురావచ్చు. ఇక్కడ పుస్తకమే పంతులు. కాబట్టి ఎంపిక చిన్న విషయం కాదు.

ముందు ‘దేనికోసం’ అన్నది తేల్చుకోవాలి. లాటిన్ చదివితే మెదడు పదునెక్కుతుంది, లెక్కలూ తర్కమూ వాటంతటవే వస్తాయి అన్నది పాత వాదం. అమెరికన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త థార్న్‌డైక్ 1924లో వేలాది హైస్కూలు విద్యార్థులను పరీక్షించి ఈ నమ్మకానికి ఆధారం కనబడలేదని తేల్చాడు. జర్మనీలో హాగ్, స్టెర్న్ అనే ఇద్దరు పరిశోధకులు 2003లో మరో సంగతి చూపించారు. స్పానిష్ నేర్చుకోవడానికి లాటిన్ చదివినవాళ్ల కంటే ఫ్రెంచ్ చదివినవాళ్లే ఎక్కువ సిద్ధంగా ఉన్నారు. అంటే, వేరే దేనికో మెట్టుగా లాటిన్ నేర్పడం దండగ. లాటిన్ చదవడం కోసమే లాటిన్ నేర్చుకోవాలి. అది తగిన కారణమే. లుక్రీషియస్ తన భౌతికవాద కావ్యం రాసిందీ, థామస్ మోర్ 1516లో ‘యుటోపియా’ రాసిందీ, న్యూటన్ 1687లో ‘ప్రిన్సిపియా’ రాసిందీ ఆ భాషలోనే. కార్ల్ మార్క్స్ 1835లో బడి చివరి పరీక్షకు అగస్టస్ పరిపాలన మీద వ్యాసం రాసిందీ లాటిన్‌లోనే.

అయితే ఈ భాష ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్నది మనం మరచిపోరాదు. ఇటలీలో 1962 దాకా పదకొండేళ్ల వయసులోనే పిల్లల్ని రెండు పాయలుగా చీల్చేవారు. లాటిన్ ఉన్న బడి విశ్వవిద్యాలయానికి దారి, లాటిన్ లేని బడి కూలిపనికి దారి. 1962 చట్టం ఆ రెండింటినీ కలిపి ఒకే మాధ్యమిక పాఠశాల చేసింది. 1977లో ఆ దశ నుంచి లాటిన్‌ను పూర్తిగా తీసేశారు. అంటే లాటిన్ అక్కడ భాషగా కంటే జల్లెడగా ఎక్కువ కాలం పనిచేసింది. కాని ఇదే ఇటలీలో, సార్డీనియా పేద కుటుంబంలో పుట్టిన గ్రాంసీ జైల్లో కూర్చుని రాసుకున్న నోటు పుస్తకాల్లో లాటిన్‌ను తేలిగ్గా కొట్టిపారేయలేదు. దాన్ని తొలగించక తప్పదన్నాడు. అయితే ఓపికగా, కచ్చితంగా చదివే అలవాటు దాని ద్వారా వచ్చిందనీ, దాని స్థానంలో మరొకటి నిలబెట్టడం సులభం కాదనీ హెచ్చరించాడు. జల్లెడను విరగ్గొట్టాలి, శ్రమను మాత్రం పారేయకూడదు. ఈ రెండూ ఒకేసారి చేయగల వాచకం ఏది?

వాచకాలు స్థూలంగా మూడు రకాలు. మొదటి రకం రూపాలను వల్లె వేయించేది. లాటిన్ నామవాచకాలకు అయిదు గణాలు, క్రియలకు నాలుగు గణాలు, వాడుకలో ఆరు విభక్తులు. ముందు పట్టికలన్నీ కంఠస్థం, ఆ తర్వాత వాక్యం. అమెరికాలో ఇంటి చదువుల కోసమే తయారైన ‘ఫస్ట్ ఫామ్ లాటిన్’ ఈ కోవది. జెసూట్ ఫాదర్ హెన్లీ 1940లలో రాసిన వాచకంలోనూ వ్యాకరణానిదే పెద్దపీట. రెండో రకంలో కథ ముందు, సూత్రం వెనక. ఇంగ్లండులో 1970లో వెలువడిన ‘కేంబ్రిడ్జ్ లాటిన్ కోర్స్’ ఇలాంటిది. మూడో రకంలో అనువాదమే లేదు, మొదటి పుట నుంచి చివరి పుట దాకా లాటినే. డెన్మార్క్ దేశస్థుడు హాన్స్ ఓర్బెర్గ్ 1955లో తొలిసారి ప్రచురించిన ‘లింగ్వా లాటినా’ ఈ పద్ధతిది. పటం చూపించి ఏ ఊరు ఏ దేశంలో ఉందో చెబుతూ మొదలై, ముప్పయ్యయిదు అధ్యాయాల్లో ఒక కుటుంబం కథగా నడుస్తుంది.

మొదటి రకం గురించి నా అనుభవం చెబుతాను. చిన్నప్పుడు నేను సంస్కృత శబ్దమంజరి వల్లించాను. రామశబ్దం ఇరవై నాలుగు రూపాలూ నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. ఎమ్మేలో ఒక రోజు ఎన్నడూ చూడని శ్లోకం ముందు పెట్టి అన్వయం చెప్పమన్నారు. రూపాలన్నీ గుర్తుపట్టాను, అర్థం మాత్రం చెప్పలేకపోయాను. తలుపులన్నీ లెక్కపెట్టి ఇంట్లోకి వెళ్లడం మరచిపోయినవాడి స్థితి నాది. అది నా తెలివితక్కువే అనుకున్నాను చాలా ఏళ్లు. నేనే పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక గాని అది పద్ధతి లోపమని తెలియలేదు. పట్టిక తప్పు కాదు. పట్టికతో మొదలుపెట్టి పట్టికతోనే ముగించడం తప్పు.

అలాగని కథల పుస్తకం ఒక్కటే చాలదు. ‘కేంబ్రిడ్జ్’ వాచకం మీద ఉన్న ప్రధానమైన ఫిర్యాదు కూడా ఇదే. పిల్ల కథాసందర్భాన్ని బట్టి ఊహించుకుంటూ పోతుంది, పదాంతాన్ని చూడదు. లాటిన్‌లో ప్రాణమంతా పదాంతంలోనే ఉంది. ‘అగ్రికొలా పుఎల్లం విదెత్’ అంటే ‘రైతు అమ్మాయిని చూస్తున్నాడు’. ‘పుఎల్లం అగ్రికొలా విదెత్’ అన్నా అర్థం అదే. ‘పుఎల్లా అగ్రికొలం విదెత్’ అంటే మాత్రం చూస్తున్నది అమ్మాయి. ఇంగ్లీషులో ఆలోచించే పిల్లకు ఇది కొత్త లోకం. తెలుగు పిల్లకు ఇందులో వింతేమీ లేదు. ‘అమ్మాయిని రైతు చూస్తున్నాడు’ అని మనం రోజూ అంటూనే ఉన్నాం. ‘ని’ ఎక్కడుందో చూస్తాం గాని, మాట ఎన్నో స్థానంలో ఉందో చూడం. అమెరికాలో ఉంటున్న మన కుటుంబాలు పిల్లలకు లాటిన్ మొదలుపెట్టేటట్లయితే, ఇంట్లో తెలుగు మాట్లాడటమే మొదటి పాఠమని గ్రహించాలి.

ఇక వస్తువు సంగతి. ‘కేంబ్రిడ్జ్’ కథ క్రీ.శ. 79లో వెసూవియస్ బద్దలై పూడిపోయిన పాంపేయి నగరంలో మొదలవుతుంది. యజమాని కైకిలియస్ వడ్డీ వ్యాపారి, గ్రూమియో వంటవాడు, క్లెమెన్స్ సేవకుడు. ఆ వంటవాడూ ఆ సేవకుడూ బానిసలు. నవ్వుతూ తుళ్లుతూ పనిచేసే బానిసల్ని చూసి తరాల పిల్లలు రోము బానిసత్వం సరదా వ్యవహారమే అనుకున్నారు. విమర్శ గట్టిపడ్డాక 2022లో వచ్చిన అయిదో కూర్పులో బానిసల, స్త్రీల చిత్రణను సవరించారు, ఆ ఇంటికి లూకియా అనే కూతుర్ని చేర్చారు. ఓర్బెర్గ్ పుస్తకంలో యజమానికి వందమంది బానిసలు. వాళ్లలో మేదుస్ అనేవాడు డబ్బు తీసుకుని తన ప్రియురాలితో పడవెక్కి పారిపోతాడు. రచయిత దాన్ని తిరుగుబాటుగా రాయలేదు. కాని చదివే పిల్లకు ‘వాడెందుకు పారిపోయాడు?’ అన్న ప్రశ్న వచ్చి తీరుతుంది. ఏ పుస్తకం తీసుకున్నా తల్లి ఆ ప్రశ్నను దాటెయ్యకూడదు. నాటకకర్త టెరెన్స్ ఆఫ్రికా నుంచి వచ్చిన బానిస, నీతికథలు రాసిన ఫీడ్రస్ దాస్యం నుంచి విడుదలైనవాడు. లాటిన్ యజమానుల భాష మాత్రమే కాదనడానికి ఈ ఇద్దరూ చాలు. పాంపేయి గోడల మీద మామూలు జనం గీసిన రాతలు వేల సంఖ్యలో దొరికాయి, వాటిలో తప్పుల లాటిన్ కూడా ఉంది. అది కూడా ఆ భాష చరిత్రే.

అయితే ఏం తీసుకోవాలి? ఆ వయసు పిల్లకు మొదటి రెండేళ్లు వీలాక్ పుస్తకం జోలికి పోవద్దు. 1956లో అచ్చయిన ఆ పుస్తకం చాలా మంచిది. రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు బ్రూక్లిన్ కాలేజీలో చెప్పిన పాఠాల నుంచి పుట్టింది కాబట్టి ప్రజాస్వామికమైనది కూడా. కాని అది పెద్దవాళ్ల పుస్తకం, దాని వేగం పెద్దవాళ్ల వేగం. తల్లికి ఏమీ రాని పక్షంలో విలియం లిన్నీ రాసిన చిన్న పుస్తకంతో ఆరంభించవచ్చు. నూట ముప్పయినాలుగు చిన్న పాఠాలు, పాఠానికి ఒక్క కొత్త సంగతి. ఉచ్చారణ రికార్డులు ఉచితం. తల్లీ కూతురూ పక్కపక్కన కూర్చుని నేర్చుకోవచ్చు. అది ముగిశాక ‘కేంబ్రిడ్జ్’ కథల్లోకి వెళ్లాలి. దానికి తోడు ఒక నోటు పుస్తకంలో పిల్ల తనే కథల నుంచి ఏరిన విభక్తి రూపాలతో పట్టికలు తయారుచేసుకోవాలి. పట్టిక పుస్తకం ఇచ్చినది కాక, పిల్ల కట్టుకున్నది కావాలి. లాటిన్ వచ్చినవాళ్లు వారానికి ఒకసారైనా దొరికే చోట ఓర్బెర్గ్ అన్నింటి కంటే మేలు. ఎవరూ లేకుండా ఆ పుస్తకంతో నడవడం కష్టం, సగం దారిలో పిల్ల ఊహల్లో పడిపోతుంది.

ఉచ్చారణ విషయంలో పెద్ద పోట్లాటలున్నాయి. ప్రాచీన పద్ధతిలో ‘కికెరో’, చర్చి పద్ధతిలో ‘చిచెరో’, ఇంగ్లీషువాళ్ల నోట ‘సిసిరో’. ఏదో ఒకటి పట్టుకుని దానిమీదే ఉండాలి, అంతే. మరో మాట, వారానికి రెండు గంటలు ఒకేసారి కాకుండా రోజుకు అరగంట చెప్పాలి. ఆరు వారాలయ్యాక ఎన్నడూ చదవని నాలుగు వాక్యాలు ఇవ్వాలి. పిల్ల వాటిని తడుముకుంటూ అయినా చదివి అర్థం చెబితే పుస్తకం పనిచేస్తున్నట్టు. పట్టిక గడగడా చెప్పి వాక్యం దగ్గర ఆగిపోతే తప్పు పిల్లది కాదు, పుస్తకానిది. ఈ పరీక్షకు తల్లికి పాండిత్యం అక్కర్లేదు, జవాబుల పుస్తకం చాలు. అందుకే జవాబుల పుస్తకం విడిగా దొరకని వాచకం ఇంటి బడికి పనికిరాదు.

గిడుగు రామమూర్తిగారు వ్యావహారిక భాష కోసం పోరాడారని మనందరికీ తెలుసు. ఆయన సవర పిల్లల కోసం సవర భాషలో వాచకాలు రాశారన్న సంగతిని అంతగా తలచుకోం. వాచకం రాయడం ఆయన దృష్టిలో ఉద్యమంలో భాగం. ఎవరి భాష, ఎవరికి, దేనికి అన్న ప్రశ్నలు ఒకటో పాఠంలోనే తేలిపోతాయని ఆయనకు తెలుసు. లాటిన్ మనది కాదు. ఈ ప్రశ్నలు మాత్రం మనవే. మన పిల్లల తెలుగు వాచకాన్ని, ఇంటర్మీడియట్‌లో మార్కుల కోసం తీసుకునే సంస్కృతం పుస్తకాన్ని మనలో ఎంతమంది ఇంత శ్రద్ధగా తెరిచి చూశారు? సాహిత్య విద్యార్థులు ఆ పని ఈ ఏడే మొదలుపెట్టవచ్చు. ఒకటో పాఠంలో పనిచేసేది ఎవరు, కూర్చుని తినేది ఎవరు, మాట్లాడేది ఎవరు అని చూస్తే చాలు.