ఇంటిపద్దులో హెచ్చుతగ్గుల శాతము

డోన్‌లోని మా ఇంటిపద్దును ఇటీవల ఎక్సెల్ గళ్ళలో వ్రాయుచున్నాము. టమాటాలు కిలో 40 రూపాయలనుండి 20కి దిగగా 50 శాతము తగ్గెనంటిమి. మరల 40కి ఎక్కగా 50 శాతమే పెరిగెనని తలచి, కూరల సొమ్మును ఆ మేరకే పెంచితిమి. నెల నడుమనే సొమ్ము చెల్లిపోయెను. “ఇరువదికి ఇరువది కూడిన రెట్టింపు గాదా, అమ్మాయీ?” యని మా అత్తగారు నవ్విరి. నిజమే, 100 శాతము!

ఏ ధరనుండి మారెనో ఆ పాతధరచేతనే భాగింపవలెను. పాతధర బి2 గడిలోను, క్రొత్తధర సి2లోను ఉన్నచో =(సి2-బి2)/బి2 అని వ్రాయుడు. కుండలీకరణములు మరచితిరా, భాగహారమే ముందు జరిగి లెక్క చెడును. శాతపు గుర్తు నొక్కినవారు మరల 100చే గుణింపరాదు.

జనాభా లెక్కలును ఇట్టివే. అప్పుడు డోన్ చేరియుండిన కర్నూలు జిల్లా జనసంఖ్య 2001లో 35,29,494, 2011లో 40,53,463. పెరుగుదల 14.85 శాతము. పొరపాటున 2011 సంఖ్యచే భాగించినచో 12.93 మాత్రమే వచ్చును.