మైక్రోసాఫ్టు సృష్టించినదెంత?

మైక్రోసాఫ్టు సొంతంగా కనిపెట్టినదేమీ లేదన్న వాదన మా ఇంజనీర్లలో తరచు వినవస్తుంది. అందులో కొంత నిజమున్నది. 1981లో ఐబీఎం పీసీతో వెలువడిన డాస్‌కు మూలం సియాటిల్ కంప్యూటర్ ప్రోడక్ట్స్ నుండి కొన్నదే. మౌస్‌తో పనిచేసిన జిరాక్స్ వారి ఆల్టో 1973 నాటిది; విండోస్ వచ్చినది 1985లో.

అయితే రూపకల్పనను పుట్టుకతోనే తూచుట న్యాయమా? పాత డాస్ ప్రోగ్రాములు చాలావరకు విండోస్ 95లోనూ నడిచాయి. పాతదానిని ఆపకుండా కొత్తదానిని అమర్చుట ఎంత కష్టమో, నడుస్తున్న ప్లాంటులో ప్యానెళ్లు మార్చిన మనకు తెలియనిదా? దానికి మూల్యమూ చెల్లించవలసి వచ్చింది. ఆ పాత పునాది వల్లనే ఒక్క ప్రోగ్రాము తప్పినా ఒక్కొక్కప్పుడు యంత్రమంతా స్తంభించేది. గృహ వినియోగదారులకు ఆ బాధ 2001లో ఎక్స్‌పీ వచ్చేవరకు తగ్గలేదు.

యంత్రాన్ని ఆపుటకు ‘స్టార్ట్’ నొక్కవలసి రావడం మాత్రం మాకు నేటికీ మింగుడుపడదు.