సపోటా క్రింది పాలచెట్టు

పాలకొల్లు చుట్టుపట్ల పల్లెలలో కొబ్బరిచెట్ల నడుమ ఒక సపోటాచెట్టు నిలిచియుండుట సామాన్యమైన దృశ్యము. ఆ చెట్టు మొదట కూర్చుండి, నేలకు జానెడెత్తున కాండమును నిదానముగా పరిశీలించినచో, పలుచెట్లకు బెరడు రంగును గరుకుదనమును మారిపోయిన అతుకు ఒకటి కంటబడును. అది అంటు కట్టిన చోటు. అతుకునకు పైనున్నది మెక్సికో ప్రాంతమున పుట్టి, సముద్రములు దాటి మన పెరటికి వచ్చిన సపోటా. క్రిందనున్నది మన తూర్పుతీరపు అడవులలో అనాదిగా పెరుగుచున్న పాలచెట్టు. ఇన్నేండ్లుగా మనము నీరు పోయుచున్నది పాలవేళ్లకు, తినుచున్నది సపోటాపండును.

ఈ సంగతి నాకు పుస్తకముల వలన తెలియలేదు. 1996 నవంబరు 6వ తేదీ నాటి తుపానునకు కోనసీమలో మా మేనమామగారి పెరటి సపోటా అతుకు కడనే విరిగి పడిపోయినది. మోడును పెల్లగించుటకు ఎవరికిని తీరిక చిక్కలేదు. మరుసటి వేసవికి ఆ మోడునుండి చిగుళ్లు వచ్చినవి గాని, అవి సపోటా చిగుళ్లు కావు. సపోటా ఆకు కొనదేలి యుండును, ఈ ఆకులు చిన్నవియై, దళసరివియై, కొనయందు వ్రేలితో నొక్కినట్లు లోనికి పోయి యున్నవి. పదునైదేండ్ల పిమ్మట ఒక వేసవియందు చిటికెనవ్రేలి కొనంతేసి పసుపుపచ్చని పండ్లు ఆ కొమ్మలనిండ కాచినవి. తిన్నవారి పెదవులకు పాలు జిగురువలె అంటుకొన్నవి. తీపి మాత్రము సపోటాకు తీసిపోనిది.

సంస్కృతమున దీనికి గల నామములు చూచినచో ప్రాచీనులు దీని నెంత గౌరవించిరో తెలియును. అమరకోశము దీనిని రాజాదనమనియు, ఫలాధ్యక్షమనియు, క్షీరికయనియు పేర్కొన్నది. రాజులు తినదగినది, పండ్లకు అధ్యక్షత వహించునది, పాలు గలది అని వాని యర్థములు. పాలకొల్లునకును క్షీరపురియను పేరు కలదు. ఉపమన్యువను బాలుడు పాలకై శివుని ప్రార్థింపగా ఇచట పాలకొలను వెలసినదని క్షీరారామ స్థలపురాణము చెప్పును. ఊరిపేరునకును చెట్టుపేరునకును చుట్టరికము కలదని నేను చెప్పబోవుట లేదు. అట్టి వ్యుత్పత్తులు కల్పించుట సులభము, నమ్మింపజేయుట అంతకంటె సులభము. అయినను క్షీరపురిలో క్షీరికను ఎరిగినవారు అరుదగుట కొంత చింతింపదగిన విషయమే.

శాస్త్రజ్ఞులకు ఈ చెట్టును పరిచయము చేసినవాడు మన గోదావరి సీమలో నివసించినవాడే. తూర్పిండియా కంపెనీ వైద్యుడైన విలియం రాక్స్‌బర్గు 1781 మొదలు పండ్రెండేండ్లపాటు సామర్లకోటలో నుండి, అచట తోట నాటించి, చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వ్రాయించి, వాని తెలుగుపేర్లను గూడ సేకరించెను. ఆయన రచించిన కోరమండల తీరపు మొక్కల గ్రంథము 1795లో వెలువడ నారంభించినది. ఆ తొలిసంపుటముననే పాలచెట్టు చోటు చేసికొన్నది. పువ్వున ఆరు కేసరములుండుటచే దానికి 'హెక్సాండ్రా' యని నామకరణము చేసెను. నేటి శాస్త్రనామము 'మనిల్కరా హెక్సాండ్రా'. మన తునికికి శాస్త్రనామ మిచ్చినవాడును ఆయనయే.

ఫలాధ్యక్షమునకు ఈ దాస్యమెట్లు ప్రాప్తించినది? పాల, సపోటా, ఇప్ప, పొగడ అన్నియు ఒకే కుటుంబపు చెట్లు. దాయాదుల రక్తము కలిసినట్లు పాలకును సపోటాకును అంటు చక్కగా అతుకును. పాలవేరు లోతునకు దిగును, ఎండకు ఓర్చును, దీర్ఘాయువు గలది. గాలివానలకు లోనగు మన తీరమున ఇట్టి వేరుకంటె సపోటాకు కావలసినదేమి? కనుక కుండీలో పెంచిన పాలమొక్కను సపోటా కొమ్మ చెంతకు జేర్చి, రెంటి బెరడును కొంతమేర చెక్కి, గాయములు రెండును ఒకదానితో నొకటి తాకునట్లు కట్టి, కొన్ని మాసములలో అవి కలిసిపోయిన పిమ్మట పాలతలను నరికివేయుట మన నర్సరీలవారు తరతరములుగా చేయుచున్న పని. అటు పిమ్మట పాలచెట్టు తన చిగురును తాను పెట్టుటకు వీలులేదు. పెట్టెనా, తోటమాలి కత్తి సిద్ధము. ఇందు తోటమాలి తప్పేమియు లేదు. క్రిందిచిగురును పెరుగనిచ్చినచో పైచెట్టు బలహీనమగును.

ఇక అడవిలో స్వతంత్రముగా పెరిగిన పాలచెట్టు సంగతి. దాని చేవ మిక్కిలి గట్టిది. గానుగలకును ఇంటి స్తంభములకును దానిని నరికిరి. డెల్టాలో గొడ్డలికంటె ముందు నాగలి వచ్చినది. కాటన్‌దొర ఆనకట్ట 1852 నాటికి పూర్తియై కాలువలు పారిన తరువాత, ఎత్తుపల్లములుగా తుప్పలతో నున్న నేల వరిచేనయ్యెను, కొబ్బరితోటయ్యెను, నేడు చేపలచెరువగుచున్నది. అన్నము పెట్టిన ఆనకట్టను నిందించుట కృతఘ్నత. కాని దానితోపాటు ఏమి పోయినదో లెక్కగట్టుట కృతఘ్నత కాదు. చెట్లు పోయినను పేర్లు మిగిలినవి: పాలకొల్లు చెంత చింతపర్రు, రావులపాలెము చెంత ఈతకోట, కోనసీమలో మామిడికుదురు, మన్యమున మారేడుమిల్లి.

పేర్లు మోసము చేయుటయు కద్దు. సీతాఫలము, రామాఫలము పురాణస్త్రీపురుషుల పేర్లు పెట్టుకొన్నను పుట్టినది అమెరికా ఖండమున, జామయు అంతే. సీమచింత మాత్రము తన పరదేశీయతను పేరులోనే ఒప్పుకొన్నది. పాలయను పేరును అట్టిదే: కొడిసెపాల, ఆకుపాల, ఏడాకులపాల యని పాలుగారు చెట్లు అనేకము గలవు, అవి వేరు కుటుంబమువి, తినదగిన పండ్ల చెట్లు కావు. పాలు కారినదెల్ల పాలపండు కాదని వెదకువారు జ్ఞాపకముంచుకొనవలెను.

పాలతోపాటు మన పాత పండ్లచెట్లను మరల నాటదలచినచో, వానిని వెదకుట అడవినుండి గాక అంగడినుండి మొదలుపెట్టవలెనని నా యభిప్రాయము. వినాయకచవితి ముందునాడు పాలకొల్లు బజారున పత్రి యమ్ముటకు వచ్చిన ముసలమ్మల గంపలలో మారేడును, వెలగకాయలును, రేగుకొమ్మలును ఉండును. పాలవెల్లికి కట్టుటకు బేరమాడి కొనుక్కొని పోవు మనము, 'ఈ కాయ ఏ చెట్టుదమ్మా, ఎక్కడున్నది?' యని అడుగము. అడిగినచో ఏ మెట్ట గట్టున, ఏ గుడిమాన్యమున, ఏ చెరువుకట్టపై ఆ చెట్టున్నదో ఆమెయే చెప్పును. ఆమెకు తెలిసిన యుద్భిజ్జశాస్త్రము ఉపాధ్యాయునికి తెలియకపోవచ్చును. కార్తికమున వనభోజనమునకు పోయిన ఉసిరిచెట్టును, ఆషాఢమున కాలువగట్టుపై బాటనెల్ల ఊదారంగు చేయు నేరేడును ఆనవాలు పట్టుకొనుట యింకను సులభము. పాలకొరకై మాత్రము తాడేపల్లిగూడెము, ద్వారకాతిరుమల వైపు మెట్టలకు పోయి వెదకవలసియుండును. పాపికొండలు 2008 నుండి జాతీయోద్యానము గనుక అందు గింజయైనను ఏరరాదు. కనబడిన చెట్టును రెండుమూడేండ్లు కాపుకాలమున చూచి, తీపియు కాపును నిలకడగా నున్నదానినే తల్లిగా నెంచవలెను. ఒక్క చెట్టుతోనే తృప్తిపడక నాలుగైదింటి గింజలు కూర్చుకొనవలెను.

గింజలలో ఒక్కొక్కదాని స్వభావ మొక్కొక్కరీతి. నేరేడుగింజ ఓర్పులేనిది, పండు తిన్న వారము పదిదినములలో నాటకున్నచో చచ్చును, నాటినచో ఒకే గింజనుండి రెండుమూడు మొలకలు వచ్చుటయు గలదు. రేగు దీనికి విరుద్ధము, టెంకలోపల నిద్రించును. టెంకను సుతారముగా పగులగొట్టి పప్పును నాటినచో వారములో మొలచును, అట్లే పాతినచో నెలవరకును ఆగవలెను. భోగినాడు పిల్లల తలపై పోసిన రేగుపండ్లను ఎవరును తినక పారవేయుదురు గదా; ఆ టెంకలను ఏరుకొన్నచో విత్తనమునకు వెదుకులాట యుండదు. ఉసిరికాయలను ఎండబెట్టినచో టెంక తనంతతానే విచ్చి గింజలు రాలును. వానిని నీట వేసి, తేలినవానిని వదలి, మునిగినవానిని విత్తవలెను. వెలగ గింజనుండి పెరిగినచో పదిపదునైదేండ్లు కాపునకు రాదు. తాత నాటి మనుమడు తినవలసినది. తాటిటెంకలను భాద్రపదమున పాతరవేసి సంక్రాంతికి తేగలు పీకికొని తినుట మనకు క్రొత్తగాదు. పాతరలో గాక గట్టున పాతిన టెంకను పీకకుండ విడిచినచో అదియే తాడిచెట్టగును. అది పోతుతాడియో, ముంజెలు కాచు ఆడుతాడియో పూతకు వచ్చువరకు చెప్పువాడు లేడు.

పాలగింజ నేరేడువలెనే తాజాగా నుండగనే విత్తదగినది. మొలిచినను దాని నడక మందము. అంటు కట్టుటకు తగినంత లావగుటకే రెండేండ్లు పట్టును, గింజమొక్క పండ్లు చూపుటకు పదేండ్ల వరకు పట్టును. కాని మంచి తల్లిచెట్టు కొమ్మను తెచ్చి పాలమొక్కపై కట్టినచో ఆ కాలము తగ్గును. గుజరాతులో గోద్రా సమీపమునందలి వేజల్‌పూరు కేంద్ర ఉద్యాన ప్రయోగస్థానమువారు ఇట్లే ఉత్తమమైన చెట్టు నెంచి 'థార్ ఋతురాజ్' అను పాలరకమును విడుదల చేసిరి. మనకు వెంకటరామన్నగూడెమున ఉద్యాన విశ్వవిద్యాలయము కలదు. కడియము, కడియపులంక, బుర్రిలంకలలో అంటుకట్టుటలో దేశమెల్ల మెచ్చిన చేతులు కలవు. డెల్టా నల్లమట్టిలో పాల బ్రదుకునా యను సందేహమునకు మన పెరటి సపోటాలే సమాధానము.

కొరవడినది అడుగువారే. సిద్ధాంతము వంతెన దాటి, రావులపాలెము, జొన్నాడల మీదుగా కడియము పోయి ఒక నర్సరీలో పాలమొక్క కావలెనని నేనడుగగా, ఆ యజమాని నావంక జాలిగా చూచి, "ఒట్టి పాలమొక్క ఏం చేసుకుంటారండీ? సపోటా కట్టింది తీసుకెళ్లండి, మూడో ఏడికల్లా కాపొచ్చేద్దండి" అనెను. ఆయన వెనుక వేలకొలది పాలమొక్కలు నల్లని సంచులలో తలతీయుదురేమో యని ఎదురుచూచుచు నిలిచియున్నవి. పట్టుబట్టి రెండు తెచ్చుకొంటిని. ధర సపోటా ధరలో సగమైనను లేదు.

పాఠకులలో కడియము పోవువారు ఈ వర్షాకాలమున పూలమొక్కలతోపాటు ఒక్క ఒట్టి పాలమొక్కను అడిగి తెండు. దాని తలమాత్రము కోయనీయకుడు.