విచర్చికయు పథ్యమును

పెద్దలారా! బిడ్డకు మోచేతి మడతలలోను, మోకాళ్ళ వెనుకను చర్మము ఎఱ్ఱబాఱి, దురదపెట్టి, రసి కాఱినచో మనవారు గజ్జి యనియో తామర యనియో తలచి, వంకాయ, చేప, పాలు అన్నియు ఒక్కమాఱు మాన్పింతురు. ఇట్టి వ్యాధిని ఆయుర్వేదమున విచర్చిక యనియు, డాక్టర్లు ఎగ్జిమా యనియు చెప్పుదురు. ఇది అంటురోగము కాదు.

దీనికి ఆహారమే మూలము కాదు. కొందఱిలో, ముఖ్యముగా పసిపిల్లలలో, అది వ్యాధిని రెచ్చగొట్టును. ఆవుపాలు, గ్రుడ్డు, వేరుసెనగ, గోధుమ, సోయా, చేప తఱచుగా పట్టుబడు దొంగలు. దొంగ యెవడో తెలియక యూరివారి నెల్ల దండించుట న్యాయమా?

బడిలో పిల్లవాని లెక్క తప్పినపుడు నేను పంక్తి వెంట పంక్తి చూచెడివాడను. ఇచ్చటను అదియే మార్గము. తిన్నదియు, దురద హెచ్చిన వేళయు తేదీతో వ్రాసి యుంచుడు. కొన్నిటి దోషము రెండు గంటలలోనే, కొన్నిటిది ఒకటి రెండు దినములకు కనబడును. అనుమానించిన పదార్థము నొక్కదానినే, వైద్యుని సలహాతో, 2 మొదలు 4 వారములు మాన్పుడు. పిమ్మట ఆయన చెప్పినట్లు మరల పెట్టి చూడుడు. వ్యాధి మరల హెచ్చిననే ఆ పదార్థము దోషి. లేనిచో బిడ్డ కూడు బిడ్డకు తిరిగి యిండు.

ఊరక పాలు, గ్రుడ్లు మాన్పిన ఎదుగుదల కుంటువడును. చిరకాలము మాన్పి హఠాత్తుగా పెట్టిన ప్రాణాపాయమును కలుగవచ్చును. తిన్నంతనే పెదవులు వాచినను, ఊపిరాడకున్నను, ఇంట పరీక్షలు వలదు. వెంటనే ఆసుపత్రికి చేర్పుడు. పథ్యమున్నను, చర్మము ఎండకుండ వైద్యుడిచ్చిన లేపనము నిత్యము పూయవలెను.

ఇంట పథ్యము విధించువారు మీరే. విధించుటతో పాటు విడిపించుటయు మీ ధర్మమే.