కొండ ఎక్కించిన కథ

పిల్లలూ! కథకు కాళ్ళు లేవు, ముంతకు చెవులు లేవు అంటారు. కాని కాళ్ళు లేని కథ ఒకటి 97 ఏళ్ళు నడిచి, వేలమందిని కొండ ఎక్కించింది!

ఇండోనేషియాలో, సుమత్రాకు పడమరగా సిమెలూ అనే దీవి ఉన్నది. 1907లో అక్కడ భూమి కంపించింది. తరవాత సముద్రం వెనక్కు పోయి, అడుగున చేపలు బయటపడ్డాయి. జనం ఏరుకోవటానికి పరుగెత్తారు. అంతలో పెద్ద పెద్ద అలలు వచ్చి వారిని ముంచివేశాయి.

బతికినవారు ఆ అలలను తమ భాషలో "స్మోంగ్" అన్నారు. తాము చూసినదంతా పిల్లలకు కథగా, జోలపాటగా చెప్పారు. ఆ పిల్లలు పెద్దవారై తమ పిల్లలకు చెప్పారు. భూమి గట్టిగా కదిలి, సముద్రం వెనక్కు పోతే, దేనికీ ఆగక కొండ ఎక్కాలి—ఇదే ఆ కథలోని నీతి.

సముద్రం ఎందుకు వెనక్కు పోతుంది? భూకంపం వల్ల సముద్రపు అడుగునేల ఒకచోట లేచి, ఒకచోట కుంగుతుంది. పైనున్న నీరు అలలై బయలుదేరుతుంది. అలకు మిట్టా, పల్లమూ ఉంటాయి గదా! పల్లం ముందు ఒడ్డు చేరితే నీరు వెనక్కు తీస్తుంది. వెనకనే మిట్ట వస్తుంది. ఒక్కొక్కప్పుడు మిట్టే ముందు రావచ్చు. అందుచేత భూమి కదలటమే మొదటి హెచ్చరిక.

2004 డిసెంబరు 26 ఉదయం మళ్ళీ భూమి కంపించింది. మొదటి అల పది నిమిషాలకే సిమెలూ చేరింది. రేడియోలో చెప్పే వ్యవధి కూడా లేదు. అయినా "స్మోంగ్! స్మోంగ్!" అని కేకలు వేస్తూ జనం కొండలెక్కారు. కొండలు దగ్గరలో ఉండటమూ కలిసివచ్చింది. దీవిలోని సుమారు 78,000 మందిలో చనిపోయినవారు ఏడుగురే! ఈ కథ ఎరగని సుమత్రా ఉత్తర తీరంలో లక్షమందికి పైగా చనిపోయారు. ఆ సునామీ మన ఆంధ్ర తీరాన్నీ తాకింది.

మన దివిసీమను 1977 నవంబరు 19న ఉప్పెన ముంచి, వేలమందిని పొట్టన పెట్టుకున్నది. ఏ చెట్టు పట్టుకుని, ఏ మేడ ఎక్కి బతికారో చెప్పగలవారు ఇప్పుడు ముసలివారయ్యారు. అడిగేవారు లేకపోతే ఆ కబుర్లు వారితోనే పోతాయి.

మీ ఊళ్ళోనూ ఏ వరదనో, కరువునో చూసిన అవ్వలూ, తాతలూ ఉంటారు. ఇవాళే వారి దగ్గర కూర్చుని అడగండి. విన్నది నోటుపుస్తకంలో రాసుకోండి. మీ తరవాతివారికి చెప్పటం మాత్రం మరవకండి!