ఎథీరియం విస్తరణ సామర్థ్యం

వాడుకరులు పెరిగినప్పటికీ రుసుము, ఆలస్యం పెరగకుండా లావాదేవీలను నిర్వహించగల శక్తిని బ్లాక్‌చెయిన్ విస్తరణ సామర్థ్యం అంటారు. 2015 జూలై 30న ప్రారంభమైన ఎథీరియం, స్మార్ట్ కాంట్రాక్టులను నడిపే బ్లాక్‌చెయిన్లలో ప్రధానమైనది. స్మార్ట్ కాంట్రాక్టు అనగా బ్లాక్‌చెయిన్‌లో భద్రపరచిన ప్రోగ్రాము. అది తనంతట తాను కదలదు. ఎవరైనా లావాదేవీ పంపినపుడే అమలవుతుంది. అప్పులు, తాకట్లు, మారకం వంటి వ్యవహారాలు వీటిపై నడుస్తాయి కనుక లావాదేవీ ఆలస్యమైతే ఆర్థిక నష్టం కలుగవచ్చు.

కారణం

బ్యాంకులు తమ పనిని పలు కంప్యూటర్లకు పంచగలవు. ఎథీరియంలో మాత్రం ప్రతి లావాదేవీని వేలాది కంప్యూటర్లు (నోడ్‌లు) విడివిడిగా సరిచూస్తాయి. అందువలన నోడ్‌లు పెరిగితే భద్రత పెరుగుతుంది కాని వేగం పెరగదు. ఎథీరియం చాలాకాలం సెకనుకు సుమారు 15 లావాదేవీలను మాత్రమే నిర్వహించగలిగింది. పోలికకు, భారతదేశపు యూపీఐ ద్వారా 2023 ఆగస్టులో సుమారు 1,058 కోట్ల లావాదేవీలు జరిగాయి. అనగా సెకనుకు సగటున 3,900కు పైగా.

ఎథీరియంలో గణన పనిని "గ్యాస్" అనే ప్రమాణంతో కొలుస్తారు. ఒక్కో బ్లాకులో పట్టే గ్యాస్‌కు పరిమితి ఉంది. రద్దీ సమయంలో ఎక్కువ రుసుము చెల్లించినవారి లావాదేవీలు ముందుగా చేరుతాయి.

2020 మార్చి సంఘటన

మేకర్‌డావో, ఈథర్ నాణేలను తాకట్టుగా తీసుకొని అప్పులిచ్చే వ్యవస్థ. 2020 మార్చి 12న ఈథర్ ధర సుమారు 40 శాతం పడిపోగా, విలువ చాలని తాకట్లు వేలానికి వచ్చాయి. రద్దీ వలన రుసుములు పెరిగి అనేక పాటలు సమయానికి బ్లాకులలో చేరలేదు. పోటీ లేక కొందరు సున్నా ధరకే తాకట్లను పాడుకున్నారు. ఇలా పోయిన ఈథర్ విలువ 80 లక్షల డాలర్లకు పైబడింది. వేలం ప్రోగ్రాములోని నియమాల ప్రకారమే జరిగింది. పాటలు సకాలంలో చేరుతాయన్న అంచనా తప్పింది.

పరిష్కారాలు

2022 సెప్టెంబరు 15న ఎథీరియం ప్రూఫ్ ఆఫ్ స్టేక్ పద్ధతికి మారింది. విద్యుత్ వినియోగం 99 శాతానికి పైగా తగ్గినా, సామర్థ్యం పెద్దగా పెరగలేదు. విస్తరణకు ప్రధాన మార్గం రోలప్‌లు. ఇవి లావాదేవీలను మూల గొలుసు వెలుపల నడిపి, కుదించిన సమాచారాన్ని అందులో నమోదు చేస్తాయి.

* ఆప్టిమిస్టిక్ రోలప్: లెక్క సరైనదేనని భావించి అభ్యంతరాలకు గడువు ఇస్తుంది. ఈ కారణంగా ఆర్బిట్రమ్ వంటి వాటినుండి సొమ్మును నేరుగా మూల గొలుసుకు మార్చుటకు సుమారు 7 రోజులు పడుతుంది.
* జీరో నాలెడ్జ్ రోలప్: లెక్క సరైనదని తెలిపే గణిత నిరూపణను జతచేస్తుంది.

2024 మార్చి 13న వచ్చిన డెన్‌కున్ మార్పు, రోలప్‌ల సమాచారం కొరకు "బ్లాబ్" అనే తాత్కాలిక నిల్వను ఏర్పరచింది. దీనితో రోలప్‌లలో రుసుములు బాగా తగ్గాయి.

పరిమితులు

అనేక రోలప్‌లలో లావాదేవీల వరుసను ఒకే సంస్థ నిర్ణయిస్తుంది. దాని కంప్యూటర్లు ఆగితే లావాదేవీలు నిలిచిపోవచ్చు. వేర్వేరు రోలప్‌లలోని కాంట్రాక్టులు సాధారణంగా ఒకే లావాదేవీలో కలిసి పనిచేయలేవు. కనుక రుసుము తగ్గినంత మాత్రాన ఆలస్యం వలన కలిగే నష్టభయం పూర్తిగా తొలగిపోదు.